చిన్న కొట్లు – కొత్త యంత్రాలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడడానికి నాకంటె సమర్థులు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఈసారి చిన్న వ్యాపారులు, కొత్త యంత్రాలు అనే విషయం మీద మీరు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. గుమాస్తాకు వ్యాపారం సంగతులేమి తెలుసునని మీకు అనిపించవచ్చు. నిజమే, నేను ఏనాడూ త్రాసు పట్టినవాణ్ణి కాను. కాని 1973లో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసేవరకు ముప్ఫయ్యారేళ్ళు కచేరీ బల్ల ముందు కూర్చున్నాను. తాలూకా కచేరీ అన్నా, 1985 తరువాత మండల కార్యాలయం అన్నా, ఏ ఊరికి బదిలీ అయినా ఎదుటి వీధి మాత్రం ఒకే తీరుగా ఉండేది. జాబ్ టైపిస్టులు, దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండరు, ఒక చిన్న ప్రెస్సు, జెరాక్సు, ఎస్.టి.డి. బూతు, టీ కొట్టు. మన ఫైళ్ళలో చేరిన అర్జీల్లో చాలా భాగం ముందు ఆ వీధిలో పుట్టి, తరువాత రోడ్డు దాటి మన దగ్గరికి వచ్చినవే. అందుచేత ఆ కొట్లలో ఏవి నిలిచాయో, ఏవి మూతపడ్డాయో దగ్గరనుంచి చూశాను.

ఈ విషయం మనకెందుకని అడిగితే రెండు కారణాలు చెబుతాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతికి వచ్చిన నెలలోనే "ఒక మిషను కొనిపెట్టండి, కొట్టు పెట్టుకుంటాను" అని కొడుకో, అల్లుడో అడగని ఇళ్ళు మనలో తక్కువ. అది మొదటి కారణం. మనం బ్రతికే ఉన్నామని ప్రభుత్వానికి ఏటా తెలియజేయడానికి కూడా మనలో చాలామంది ఇప్పుడు అటువంటి కొట్టు మెట్లే ఎక్కుతున్నాము. అది రెండవది.

ముందుగా ఒక తేడా మనవి చేస్తాను. మన కార్యాలయాల్లోకీ కొత్త యంత్రాలు వచ్చాయి. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చినప్పుడు మనమూ కంగారుపడ్డాము. అయితే ఆ కంప్యూటరును కొన్నది ప్రభుత్వం. మనల్ని శిక్షణకు పంపింది ప్రభుత్వం. నేర్చుకున్నన్నాళ్ళూ ఒకటో తారీఖు జీతం ఆగలేదు, శిక్షణకు వెళ్ళినందుకు టి.ఏ., డి.ఏ. బిల్లు కూడా పెట్టుకున్నాము. రోడ్డుకు అవతల ఉన్నవాడికి ఇవేవీ లేవు. యంత్రం తన డబ్బుతో, లేదా అప్పుతో కొన్నాడు. తనంతట తానే నేర్చుకున్నాడు. నేర్చుకుంటున్న నెలల్లో రాబడి లేదు. పాడైతే బాగుచేయించే ఖర్చు తనది. పాత యంత్రాన్ని కొనేవాడు లేకపోతే ఆ నష్టమూ తనదే. చిన్న వ్యాపారి కొత్త యంత్రానికి వెనకాడితే మనం "పాతకాలం మనిషి" అంటాము. కాని అతడి వెనుకంజలో ఉన్నది లెక్క. ఆ లెక్క ఏమిటో ఒక్కొక్క కొట్టునే తీసుకుని చెబుతాను.

మొదట టైపు మిషను. గోద్రెజ్ వారు 1955లో మన దేశంలో టైపురైటర్ల తయారీ మొదలుపెట్టారు. రెమింగ్టన్, హాల్డా, ఫాసిట్ మిషన్లు కూడా మనం చూసినవే. ఊరూరా టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. "ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" అని వేళ్ళు నేర్చిన ఆ మొదటి పాఠం ఇక్కడున్న చాలామందికి ఇప్పటికీ గుర్తుండాలి. ఆ పరీక్ష ప్యాసయితేనే మనలో సగంమందికి ఉద్యోగం వచ్చింది. కచేరీ ఎదుట వేపచెట్టు క్రింద చిన్న బల్ల మీద మిషను పెట్టుకున్న జాబ్ టైపిస్టుకు అదే జీవనాధారం.

ఆ యంత్రం గుణం చూడండి. కరెంటు అక్కరలేదు. రిబ్బను మార్చి, నెలకొకసారి మెకానిక్కు వచ్చి దుమ్ము తుడిచి నూనె వేస్తే ఇరవై, ముప్ఫై ఏళ్ళు పనిచేసేది. సెకండ్ హాండులో కొన్నా తండ్రి తరువాత కొడుకు వాడుకోవచ్చు. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ళు పట్టినా, ఆ తరువాత పాతికేళ్ళు వచ్చేదంతా మిగులే.

జాబ్ టైపిస్టుల్ని కంప్యూటరు దెబ్బతీసిందని అందరూ అంటారు. నేను చూసినంతలో మొదటి దెబ్బ జెరాక్సుది. అంతకుముందు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలంటే సర్టిఫికెట్ల నకళ్ళు టైపు చేయించి, గెజిటెడ్ అధికారి చేత "ట్రూ కాపీ" అని సంతకం పెట్టించేవారు. టైపిస్టు రాబడిలో పెద్ద వాటా ఆ నకళ్ళదే. 1980ల నడుమ మా ఊరికి జెరాక్సు మిషను రాగానే ఆ పని పోయింది. మిగిలింది కొత్త మాటర్ టైపు చేయడం ఒక్కటే.

మా కచేరీ ఎదుట ఆనాడు ఇద్దరు టైపిస్టులు ప్రక్కప్రక్కనే కూర్చునేవారు. ఒకాయన వేగంలో ఆరితేరినవాడు. మిషను చప్పుడు వింటే వానపడుతున్నట్టుండేది. ఏమిచ్చినా తప్పు లేకుండా కొట్టి ఇచ్చేవాడు. రెండో ఆయనను అందరూ మాస్టారూ అనేవారు. వేగం అంతంతమాత్రం. కాని రైతు వచ్చి తన గోడు చెప్పుకుంటే అది పట్టాదారు మార్పు సంగతా, సరిహద్దు తగాదానా, వారసత్వం ధ్రువపత్రమా అని తేల్చి, అర్జీ ఎవరి పేర రాయాలో, ఏ కాగితాలు జతచేయాలో ఆయనే చెప్పేవాడు. మేము కచేరీలో అర్జీ చేతికి తీసుకోగానే అది మాస్టారు రాసినదా కాదా తెలిసిపోయేది, ఎందుకంటే దానిని తిప్పి పంపే అవసరం ఉండేది కాదు.

కంప్యూటర్లు వచ్చాక వేగంగా కొట్టేవారు వీధికి నలుగురయ్యారు. మొదటి ఆయన మరో రెండేళ్ళు చూసి, ఒక బియ్యం మిల్లులో గుమాస్తాగా చేరిపోయాడు. మాస్టారు కంప్యూటరు కొనలేదు. ఒక జెరాక్సు కొట్టులో కుర్చీ వేయించుకుని, తాను చెబుతూ ఉంటే కుర్రవాడి చేత కొట్టించేవాడు. ఆ కుర్రవాడు వేళ్ళు, మాస్టారు బుర్ర. వచ్చినది ఇద్దరూ పంచుకునేవారు. గోద్రెజ్ వారు 2009లో టైపురైటర్ల తయారీ ఆపేసిన తరువాత కూడా మాస్టారి కుర్చీ అక్కడే ఉన్నది. మిషను పోయింది, మాస్టారి అసలు వృత్తి పోలేదు.

ఇక ప్రెస్సు. అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో తెలుగు కంపోజింగు ఎంత కష్టమో చూసినవారికే తెలుసు. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు, పెద్దబడి చిన్నబడి కలిపి యాభై రెండు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపితే అరలు వందల్లో ఉండేవి. కంపోజిటరు ఆ అరలు చూడకుండానే చేయి పెట్టి అక్షరం తీసేవాడు. ట్రెడిల్ మీద శుభలేఖలు, రశీదు పుస్తకాలు, కరపత్రాలు, మన ఫారాలు అచ్చయ్యేవి.

1990లలో డి.టి.పి. వచ్చింది. పేజ్‌మేకరు, తెలుగు ఫాంట్లు వచ్చాయి. అరల్లోని సీసం అక్షరాలన్నీ తూకానికి అమ్ముడుపోయాయి. మా ఊళ్ళో రెండు ప్రెస్సులు ఉండేవి. ఒక యజమాని ధైర్యం చేసి, బ్యాంకు అప్పుతో చిన్న ఆఫ్‌సెట్ మిషను కొన్నాడు. నాణ్యత బాగుండేది, మొదట్లో పనీ బాగానే వచ్చింది. అయితే ఆఫ్‌సెట్ మిషనుకు రోజంతా పని ఉండాలి. మండల కేంద్రంలో పెళ్ళిళ్ళ రోజులలో తప్ప అంత పని లేదు. బల్లకట్టు పోస్టర్లు ఫ్లెక్సీకి పోయాయి. శుభలేఖల సంఖ్య తగ్గింది. ఇప్పుడు దగ్గరివారికి వంద కార్డులు వేయించి, మిగిలినవారికి వాట్సాప్‌లో పంపుతున్నాము కదా. అప్పు వాయిదాలు మాత్రం తగ్గలేదు.

రెండో ఆయన ఆఫ్‌సెట్ మిషను కొనలేదు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు పెట్టుకుని, తన దగ్గర పాతికేళ్ళు పనిచేసిన కంపోజిటరునే దాని ముందు కూర్చోబెట్టాడు. ఆరు నెలలు ఆ మనిషి చాలా అవస్థపడ్డాడు. మీటల వరుస కొత్త, తెర కొత్త. కాని ఆయనకు తెలిసినది ఒకటుంది. ఏ మాటకు ఏ ఒత్తు పడాలో, శుభలేఖలో ఎవరి పేరు ముందు రావాలో, "చి.ల.సౌ." ఎక్కడ పెట్టాలో, "జ్యేష్ఠ" అనే మాటలో ఠా ఒత్తు ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. కంప్యూటరు కోర్సు ప్యాసయిన కుర్రవాళ్ళకు అది తెలియదు. మాటరు ఇక్కడ తయారుచేసి, అచ్చు విజయవాడలో వేయించి తెప్పించేవారు. లాభం పలుచగా ఉండేది, అప్పు మాత్రం లేదు. ఈ రెండో ప్రెస్సు ఇప్పటికీ ఉన్నది.

అప్పు చేయడం తప్పని నేననడం లేదు. యంత్రానికి ఎంత పని కావాలో, మన ఊరు అంత పని ఇవ్వగలదో లేదో చూడడం ముఖ్యం. కొన్ని యంత్రాలు కొనవలసినవి, కొన్ని యంత్రాల దగ్గరకు పని పంపవలసినవి.

మూడవది ఎస్.టి.డి. బూతు. 1980ల చివర, 1990లలో పసుపుపచ్చ బోర్డు లేని వీధి లేదు. 1984లో సి-డాట్ స్థాపించిన తరువాత మన దేశంలోనే తయారైన టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు పల్లెలకు చేరాయి. రాత్రి రేటు తగ్గే వేళకోసం జనం బూతు ముందు వరుసలో నిలబడేవారు. గల్ఫ్ దేశాలలో ఉన్నవారి ఇళ్ళవారు ఫలానా రోజున ఫలానా వేళకు ఫోను వస్తుందని వచ్చి కూర్చునేవారు. చాలామంది వికలాంగులకు, ఒంటరి స్త్రీలకు ఆ బూతు అన్నం పెట్టింది.

1995 జులై 31న మన దేశంలో మొదటి మొబైల్ ఫోను సంభాషణ జరిగింది. అప్పుడు ఎవరూ భయపడలేదు, అది ధనవంతుల వస్తువు. 2003లో వచ్చే కాల్స్‌కు డబ్బు కట్టనక్కరలేదని మార్పు వచ్చాక, మామూలు మనిషి చేతికీ ఫోను వచ్చింది. నాలుగైదేళ్ళలో పసుపు బోర్డులు మాయమయ్యాయి. బూతు యజమానుల్లో సోమరులెవరూ లేరు. తెల్లవారుజామునుంచి అర్ధరాత్రి దాకా కూర్చునేవారు. అయినా నిలవలేదు. ఎందుకంటే అక్కడ అమ్మినది యంత్రాన్ని వాడుకునే అవకాశం ఒక్కటే. అదే యంత్రం జేబులోకి వచ్చాక జనం అక్కడికి వెళ్ళవలసిన పని లేకపోయింది.

దీనికి ఎదురుగా దస్తావేజు లేఖరులను చూడండి. 1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లో "కార్డ్" పేరుతో కంప్యూటర్లు పెట్టినప్పుడు, ఇక దస్తావేజు లేఖరుల పని ముగిసిందని అందరూ అన్నారు. పాతికేళ్ళు దాటింది. ఇప్పటికీ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట వారి కొట్లు ఉన్నాయి. కలం పోయి కంప్యూటరు వచ్చింది, అంతే. భూమి అమ్మే మనిషి జీవితంలో ఒకసారో రెండుసార్లో అమ్ముతాడు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, లింకు దస్తావేజులు, ఎవరెవరు సంతకం పెట్టాలి, ఇవన్నీ తప్పు లేకుండా చూసే మనిషి అతడికి కావాలి. ఆ మనిషి కలంతో రాశాడా, కంప్యూటరుతో రాశాడా అన్నది అతడికి అనవసరం.

ఇంతకీ నేను చెప్పదలచినది ఇదే. యంత్రాన్ని అమ్ముకున్న కొట్టు ఆ యంత్రంతో పాటే పోయింది. తనకు తెలిసిన పనిని అమ్ముకున్న కొట్టు యంత్రం మారినా నిలిచింది. అయితే తెలిసిన పని ఉన్నవాడు కూడా యంత్రం మీద మోయలేనంత అప్పు చేస్తే నిలవలేకపోయాడు.

మన సంఘంలోని ఒక సభ్యుని ఇంటి సంగతి, ఆయన అనుమతితోనే, పేరు లేకుండా చెబుతాను. ఆయన 2001లో రిటైరై, కమ్యుటేషన్ సొమ్ముతో కుమారుని చేత ఇంటర్నెట్ సెంటరు పెట్టించారు. ఎనిమిది కంప్యూటర్లు, వాటికి ఎ.సి. గంటకు నలభై రూపాయలు. మొదటి ఏడాది కుర్చీలు ఖాళీ ఉండేవి కావు. అది చూసి అదే వీధిలో మరో మూడు సెంటర్లు వచ్చాయి. గంట రేటు నలభైనుంచి ఇరవైకి, ఇరవైనుంచి పదికి దిగింది. కరెంటు బిల్లు దిగలేదు. కమ్యూట్ చేసిన పెన్షను భాగం నిబంధన ప్రకారం పదిహేనేళ్ళకు ఆయనకు తిరిగి వచ్చింది. ఆ కంప్యూటర్లు మాత్రం అయిదేళ్ళు నిలవలేదు.

అయితే ఆ కుమారుడు తెలివిగలవాడు. ఆరు కంప్యూటర్లు వచ్చిన ధరకు అమ్మేసి, రెండు ఉంచుకున్నాడు. గంటల లెక్క మానేసి, దరఖాస్తులు నింపే పని మొదలుపెట్టాడు. ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష, స్కాలర్‌షిప్పు, పాస్‌పోర్టు, ఉద్యోగ ప్రకటనలు, ఏది వచ్చినా ముందు తాను ప్రకటన మొదటినుంచి చివరిదాకా చదివేవాడు. ఫోటో ఎంత పరిమాణంలో ఉండాలి, ఆఖరు తేదీ ఏది, ఏ కులధ్రువపత్రం కావాలి అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాడు. ఇప్పుడు ఆ కొట్టును ఎక్కువగా వాళ్ళ కోడలమ్మాయి చూసుకుంటున్నది. మనలో చాలామందిని "మావయ్యగారూ, కూర్చోండి" అని ఆదరంగా పలకరించేది ఆ అమ్మాయే.

ఇప్పటి కాలానికి వస్తే, మన కళ్ళ ఎదుటే చిన్న వ్యాపారులు ఎవరూ చెప్పకుండా పట్టుకున్న సాధనం యు.పి.ఐ. దీనిని 2016 ఏప్రిల్‌లో ప్రారంభించారు. ఆ నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరిగింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా బ్యాంకులవారు కార్డు గీకే మిషన్లు పెట్టుకోమని చెబుతున్నా కిరాణా కొట్టువాడు వినలేదు. కాని క్యూ.ఆర్. కాగితాన్ని గోడకు అంటించడానికి అరటిపండ్ల బండివాడు కూడా వెనకాడలేదు. కారణం ఆలోచించండి. కార్డు మిషనుకు అద్దె ఉన్నది, ప్రతి అమ్మకం మీద కొంత శాతం పోతుంది. కాగితానికి కొనే ఖర్చు లేదు. 2020 జనవరి 1నుంచి యు.పి.ఐ. చెల్లింపు మీద వ్యాపారి రుసుము కట్టనక్కరలేదని కూడా అయింది. పైగా చిల్లర బాధ తీరింది. రూపాయికి బదులు చాక్లెట్టు ఇచ్చే రోజులు పోయాయి. చిన్న వ్యాపారికి కొత్తంటే భయమనే మాట నిజం కాదని ఈ ఒక్కటి చాలు.

ఆ సాధనాన్ని వారి పనికి తగ్గట్టుగా మార్చవలసి వచ్చింది కూడా. త్రాసు ముందు నిలబడి పప్పు తూచే మనిషి ప్రతిసారీ ఫోను తీసి డబ్బు పడిందా లేదా అని చూడలేడు. రద్దీలో పాత చెల్లింపు బొమ్మ చూపించి వెళ్ళిపోయినవారూ ఉన్నారు. అందుకే డబ్బు పడగానే ఎంత పడిందో తెలుగులో పైకి చెప్పే చిన్న పెట్టె వచ్చింది. దానికి నెలనెలా కొంత అద్దె ఉన్నా, అది చేసే మేలు కళ్ళకు కనిపిస్తున్నది కనుక పెట్టుకున్నారు. అరువు పుస్తకం మాత్రం మారలేదు. ఒకటో తారీఖున ఇచ్చే ఖాతా ఇంకా ఆ ఎర్ర అట్ట పుస్తకంలోనే ఉన్నది. పుస్తకంలో రాసిన నమ్మకం ఏ పెట్టెకూ తెలియదు.

దీనిలో చిక్కు లేకపోలేదు. 2025 జులైలో బెంగుళూరులో వాణిజ్య పన్నుల శాఖ యు.పి.ఐ. వసూళ్ళ మొత్తం చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపితే, కొందరు క్యూ.ఆర్. కాగితాలు తీసేసి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. డబ్బు పుచ్చుకునే సాధనం లెక్క కూడా రాస్తుంది. కనుక మన పిల్లలు కొట్టు పెడితే, కొనుగోలు బిల్లులు జాగ్రత్తగా దాచుకోవాలనీ, ఇంటి సొమ్ము, కొట్టు సొమ్ము ఒకే ఖాతాలో కలపరాదనీ చెప్పండి. ఫైలు విలువ మనకంటె ఎవరికి తెలుసు?

కొట్టు పెడతామని అడిగిన పిల్లలను మూడు ప్రశ్నలు వేయండని నా మనవి.

మొదటిది, ఈ యంత్రం ధర ఎన్నాళ్ళలో తిరిగి వస్తుంది, అది ఎన్నాళ్ళు పనికివస్తుంది? ఒక ఉదాహరణ తీసుకుందాం. యంత్రం 1,20,000 రూపాయలు. అద్దె, కరెంటు, కాగితం, మనిషి కూలి పోగా నెలకు 4,000 మిగులుతుందనుకోండి. ధర తిరిగి రావడానికి 30 నెలలు. ఆ యంత్రం మూడేళ్ళకు పాతబడేదయితే, నిజంగా చేతికి మిగిలేది ఆరు నెలల ఆదాయం, 24,000. అప్పు మీద వడ్డీ ఉంటే అదీ మిగలదు. టైపు మిషను కాలంలో యంత్రం అరిగిపోతే పాతబడేది. ఇప్పుడు అరగకుండానే పాతబడుతుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలుగా వచ్చే మద్దతు ముగిసింది. బాగా నడుస్తున్న కంప్యూటర్లు కూడా ఆ తేదీతో పాతవైపోయాయి.

రెండవది, పాడైతే బాగుచేసేవాడు ఎక్కడున్నాడు? మెకానిక్కు మన ఊళ్ళో ఉంటే ఒక పూట నష్టం. హైదరాబాదునుంచి రావాలంటే వారం నష్టం. ఆ వారంలో ప్రక్క కొట్టుకు వెళ్ళిన ఖాతాదారు తిరిగి రాకపోవచ్చు.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఈ యంత్రం లేకపోతే నీకు తెలిసినదేమిటి? ఈ ప్రశ్నకు జవాబు ఉంటే సొమ్ము ఇవ్వవచ్చు. జవాబు లేకపోతే, ముందు ఒక ఏడాది ఎవరి దగ్గరైనా పనిచేసి నేర్చుకుని రమ్మనండి. ఇది పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం కాదు, మన ముప్ఫై ఏళ్ళ కష్టార్జితానికి కాపలా.

ఇక మన స్వంత పని, జీవన ప్రమాణ పత్రం. కేంద్ర ప్రభుత్వం "జీవన్ ప్రమాణ్" పద్ధతిని 2014 నవంబరు 10న ప్రారంభించింది. ఆధారు సంఖ్య, పి.పి.ఓ. నంబరు, బ్యాంకు ఖాతా, మొబైలు నంబరు ఇచ్చి, వేలిముద్ర వేస్తే పత్రం తయారవుతుంది. మన వయస్సులో వేలిముద్రలు అరిగిపోయి ఉంటాయి. సున్నం, నీళ్ళపని, ఏళ్ళ తరబడి కాగితాలు తిరగేసిన చేతులు. యంత్రం "సరిపోలలేదు" అంటుంది. 2021లో ముఖం చూపించి చేసుకునే వీలు కూడా వచ్చింది. అయినా మనలో ఎంతమంది ఇంట్లో కూర్చుని స్వయంగా చేసుకోగలుగుతున్నారు?

నేను చెప్పిన ఆ కోడలమ్మాయి ఏమి చేస్తుందో చూడండి. ముందు తడిగుడ్డతో మన బొటనవేలు తుడుస్తుంది. పడకపోతే మరో వేలు, అదీ కాకపోతే కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి ముఖం చూపిస్తుంది. పి.పి.ఓ. నంబరులో ఒక అంకె తప్పు కొడితే పత్రం ఏమవుతుందో ఆ అమ్మాయికి తెలుసు, అందుకే పాత పత్రం తెమ్మంటుంది. ఫోనుకు ఓ.టి.పి. వస్తే ఫోను మన చేతికే ఇచ్చి, "అంకెలు మీరే చూసి కొట్టండి మావయ్యగారూ, ఎవరికీ పైకి చెప్పకండి" అంటుంది. పని అయ్యాక కాగితం ముద్రించి, మన చేత చదివించి ఇస్తుంది. పడకనుంచి లేవలేని మన సభ్యుల ఇంటికి సాయంత్రం కొట్టు కట్టేశాక వెళ్ళి చేసి వస్తుంది. ఆ అమ్మాయి అమ్ముతున్నది ఓపికనీ, తెలిసిన పనినీ.

ఆ కొట్టుకూ రేపు గడ్డు కాలం రావచ్చు. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం "మన మిత్ర" పేరుతో వాట్సాప్ ద్వారా ధ్రువపత్రాలు, బిల్లుల సేవలు మొదలుపెట్టింది. అది మంచిదే. ఫోను వాడడం వచ్చినవారికి కొట్టుకు వెళ్ళే పని తగ్గుతుంది. మిగిలేది మనబోటివారు, వచ్చీరానివారు, వేలిముద్ర పడనివారు. అంటే ఆ కొట్టు ఇకపై ఎక్కువగా మన మీద ఆధారపడుతుంది, మనం దాని మీద ఆధారపడినట్టే.

అందుచేత సభ్యులకు నా విన్నపం. ఆఖరి తేదీ దాకా ఆగి గుంపుగా వెళ్ళకండి. అడిగిన రుసుము న్యాయమైనదైతే పది రూపాయల దగ్గర బేరమాడకండి. వాళ్ళకు ఒకటో తారీఖు లేదు, డి.ఏ. లేదు, పే రివిజన్ లేదు. పదిసార్లు వేలు తుడిచిన శ్రమకు రసీదులో గడి ఉండదు. అదే సమయంలో ఎంత తెలిసిన కొట్టయినా, ఎంత మర్యాదగల మనిషయినా, పిన్ నంబరు, ఓ.టి.పి. చెప్పకండి, ఏ.టి.ఎం. కార్డు వదిలి రాకండి. జాగ్రత్తకూ అభిమానానికీ తగాదా లేదు. మంచి కొట్టువాళ్ళు ఆ జాగ్రత్తను తామే కోరతారు.

కార్యవర్గానికి ఒక సూచన. జీవన ప్రమాణ పత్రాల నెలలో మన సంఘం గదిలో వారానికి రెండు రోజులు ఒక బల్ల వేసి, ఊళ్ళోని ఇటువంటి చిన్న కొట్లవారిని వంతులవారీగా పిలుద్దాం. మనిషికి ఇంత అని రుసుము ముందే నిర్ణయించి బోర్డు మీద రాద్దాం. మెట్లు ఎక్కలేనివారికి తిప్పట తప్పుతుంది, వారికి పది రూపాయలు వస్తాయి. లేవలేనివారి జాబితా తయారుచేసి ఇస్తే ఇంటికి వెళ్ళే ఏర్పాటు కూడా చేయవచ్చు. ఈ తీర్మానాన్ని ఈ సభలోనే ఆమోదించవలసినదిగా కోరుతున్నాను.